పొదుగు మందు గిన్నె

ఆ అట్టపెట్టె కింద పెట్టు, మారిట్. నువ్వు నర్సు గది ఖాళీ చేసి పోతే ఈ బళ్ళో పిల్లల మోకాళ్ళు ఎవరు కడుగుతారు? హెడ్మాస్టరా? ఆయన కళ్ళజోడే ఆయన సరిగా తుడుచుకోలేడు.

చర్చిలో కాఫీ దగ్గర ఏమనుకున్నారో విన్నావుగా. నా మనవరాలు బ్రిట్టా వేలు తెగితే నువ్వు ఒట్టి సబ్బునీళ్ళతో కడిగి పంపేశావట. మన ఇంగా లేదూ, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఉల్లిపాయ పేరు చెప్పినా ఏడుస్తుందిలే. బడి కమిటీలో ఉన్న ఓలే, తన చిన్నప్పుడు నర్సు మందు పోస్తే పక్క ఊరిదాకా కేకలు వినబడేవన్నాడు. మహా డాక్టరు మరి. వాడి కుక్కది ఏ కాలు కుంటో వాడికే తెలీదు.

ఈ మాట ఎవరు మొదలుపెట్టారని అడగవేం?

సరే, విను. నలభై ఏళ్ళుగా రెండు పూటలా ఆవుల పాలు తీస్తున్నాను. పాలు తీశాక క్రిములు చేరకుండా చన్నుల్ని అయోడిన్ గిన్నెలో ముంచుతాం కదా, మా ఇళ్ళల్లో పిల్లల దెబ్బలకీ అదే మందు. నా కొడుకు మోకాళ్ళు దాంతోనే మానాయి.

మంగళవారం సాయంత్రం పాకలోకి వచ్చి బ్రిట్టా కట్టు చూపించింది. "నర్సు కడిగి, మందు రాసి కట్టింది నానమ్మా, అసలు మండలేదు" అంది. మండని మందేం మందు? కట్టు విప్పేశాను. చేతిలో గిన్నె ఉంది. వేలు అందులో ముంచాను. కెవ్వుమంది. మండితే మంచిదే అన్నాను. నాకు తృప్తిగా అనిపించింది.

అంతకుముందే పొదుగువాపు వచ్చిన ఆవు చన్నుల్ని ముంచాను అందులో. గిన్నె అడుగున పేడ. గిన్నెలో ఉన్నది మందే కదా, ఇంకా కడగడమేమిటి అనుకున్నాను.

రెండు రోజుల్లో వేలి నుంచి ఎర్రచార మోచేతిదాకా పాకింది. మాడిసన్ ఆసుపత్రిలో డాక్టరు దాని చివర పెన్నుతో గీత గీశాడు. ఎరుపు ఆ గీత దాటకపోతే వేలు దక్కుతుందట. గాయానికి ఏం పెట్టారని అడిగాడు. ఊరందరి సంగతులూ చెప్పే ఈ నోటికి ఒక్క మాటే వచ్చింది: "బళ్ళో నర్సు కడిగిందండి." అబద్ధం కాదుగా.

చర్చిలోనూ అదే అన్నాను. మిగతాది వాళ్ళు కలుపుకున్నారు.

ఈ పొద్దున డాక్టరుకి నిజం చెప్పాను. మందు మార్చాడు. సాయంత్రం బడి కమిటీ ముందు నీ పక్కనే కూర్చుని చెబుతాను. ఓలే మొహం చూడాలి అప్పుడు.

వాళ్ళకైతే చెప్పగలను. బ్రిట్టా మాత్రం ఆసుపత్రి మంచం మీంచి నన్నే అడిగింది. "మండితే మంచిదన్నావుగా నానమ్మా, ఇంకా ఎంత మండాలి?" అంది.

నర్సువి కదా, నువ్వు చెప్పు.