తప్పు చదివే బాపు

ఇగో పిల్లలూ, మీరు ఇంకా గీ కథ ఇనలే. ఇనలేదు గనుకనే నన్ను చూసి గట్ల నవ్వుతున్నరు. "అలేఖ్య అక్కోళ్ళ బాపుకు చదువు రాదట" అని చెవులల్ల చెప్పుకుంటున్నరు కదా? పదో తరగతి పాసైన మనిషిని పట్టుకొని గింత అన్యాయమా? కోరుట్లకు పోయి పరీక్ష రాసిచ్చిన బిడ్డా, ఎవల దాంట్ల చూసి గూడ రాయలే. జెర లెక్కల నాడు తప్ప.

మెల్లగ నవ్వున్రి. గోడకు అవుతల మూడో తరగతి. మా బిడ్డ ఆడనే ఉన్నది. ఆమె ఇన్నదంటే నేను ఆగమైత.

మీ సంధ్య మేడమ్ మధ్యాన్నం బువ్వకు వచ్చిన కోడిగుడ్లు దించిపియ్యను పోయింది. "ఒకటో తరగతోళ్ళను జెరసేపు చూసుకోన్రి, ఏదన్న కథ చెప్పున్రి" అన్నది. చదువున్రి అనలే, చూసిన్రా? చెప్పున్రి అన్నది. గట్లున్నది నా ఇజ్జత్. మేడమ్ వచ్చేలోపల చెప్పేస్త, ఇనున్రి.

నేను మస్కట్‌ల ఉంట, ఇప్పుడు సెలవు మీద వచ్చిన. పెద్ద దుకాణం గోదాములో పని. డబ్బాల మీద పేర్లు చూసి దేని జాగల దాన్ని పెట్టాలె. ఒక్కటి అటుదిటు ఐతే మా సూపర్‌వైజర్ దినమంత సతాయిస్తడు. గందుకే నాకు ఏదైనా సక్కగ ఉండాలె. మీల ఎంతమంది బాపులు బయటి దేశంల ఉన్నరు? చేతులు ఎత్తున్రి. అబ్బో. సరే దించున్రి, మేడమ్ చూస్తే నేను మీకు శిక్ష ఏసిన్ననుకుంటది.

శుక్రవారం మాకు సెలవు. పొద్దుగూకంగ ఇంటికి ఫోన్ చేస్త. మీ గోడకు తాడు కట్టి, క్లిప్పులు పెట్టి బొమ్మల పుస్తకాలు ఏలాడదీసిన్రు చూడు, అండ్లకెళ్ళి ఒకటి మా అలేఖ్య ఇంటికి తెచ్చుకుంటుండె. అప్పుడు రెండో తరగతి. నాకు ఒకటే బుగులు. గుణింతాలు పూర్తిగ రాకముందే కథలేంది? బొమ్మ చూసి ఊహించి చెప్తే అది చదువైతదా? నేను దగ్గర లేకపోతి. రేపు పెద్ద తరగతికి పోయినంక బిడ్డ ఎనుకబడితే ఎవలను అనాలె?

మీ మేడమ్‌కే ఫోన్ కొట్టిన. "ఏం మేడమ్, కథలతోని టైంపాస్ చేస్తున్నరా?" అన్న. మేడమ్ ఏమన్నదో తెలుసా? "మీ బిడ్డ ఇయ్యాల తెచ్చుకున్న మేక కథ చదివినంక ముందు మేకకు ఏమైందో అడుగున్రి. ఒత్తులు, దీర్ఘాలు తర్వాత అడగొచ్చు" అన్నది. నాకు కోపమచ్చింది. మేక సంగతి నాకెందుకు?

ఆ, మీకు తెలుసా మేక కథ? బస్సెక్కుతది కదా. కండక్టర్ టికెట్ కొడితే మిషన్‌లకెళ్ళి కాయితం బయటికి వస్తది, మేక దాన్ని నములుతది. ఎంత నమిలితే అంత కాయితం. చెప్పకున్రి, చెప్పకున్రి, చివరికి ఏమైతదో నాకు తెలుసు.

నేనేం చేసిన? ఆ పుస్తకం పేజీలన్నిటిని మా ఇంటామెతోని ఫోటోలు కొట్టించి తెప్పించుకున్న. మా రూంల మెట్‌పల్లి సాంబయ్య ఉంటడు, ఆయన ఫోన్‌ల ఫోటోలు, నా ఫోన్‌ల మా బిడ్డ. గోదాముల డబ్బాలు చూసినట్టు కూసున్న.

ఆమె "మేక" అన్నది. "దీర్ఘం సక్కగ పలుకు" అన్న. "మేక బస్సు" అన్నది. "ఒత్తు మింగినవ్, మళ్ళ మొదటికెళ్ళి" అన్న. "మేక..." అన్నది. "బొమ్మ దిక్కు చూడకు" అన్న.

పై మంచం మీదికెళ్ళి సాంబయ్య ఒర్రిండు. "ఓ మహిపాలూ, నీ ఒత్తులు పాడుగాను, ఇంతకు మేక బస్సు ఎక్కిందా లేదా? నా ఫోన్ నాకియ్యి, నేనే చూసుకుంట."

నేను ఇనలే. సక్కగ ఉండాలె అంటి కదా.

తర్వాత శుక్రవారం "పుస్తకం బడిలనే మర్చిపోయిన బాపు" అన్నది. ఆ మీది వారం జడ ఏసుకుంటున్న అన్నది. ఆ జడ రాత్రి పండుకునేదాక ఐపోలే. తర్వాత ఇగ ఫోన్ మంచం మీద ఎల్లెలకల పెట్టి ఆ పక్కనే ఆడుకునేది. నాకు ఏం కనబడాలె? మా ఇంటి ఫ్యాన్. సెలవు దినాన మంచిగ తలంటుకొని, తయారై, ఫ్యాన్‌ను చూసుకుంట కూసునేది.

నవ్వున్రి, నవ్వున్రి. నాకు అప్పుడు నవ్వు రాలే.

మా అవ్వ శంకరవ్వ ఫోన్‌ల చెప్పింది: "నా ముంగట గడగడ చదువుతది కొడుకా. నేను బీడీలు చేసుకుంట ఇంటున్న. మేక మాట్లాడితే మేక లెక్క, కండక్టర్ మాట్లాడితే కండక్టర్ లెక్క. నీకే చదువది" అన్నది.

నీకే చదువది. ఆ మాట లోపట గుచ్చుకున్నది. ఎడారిల కూసున్నోనికి బిడ్డ గొంతు తప్ప ఏమున్నది? అది గూడ మా అవ్వకు, బీడీలకు పాయె.

ఇగ ఆలోచించిన. ఓ శుక్రవారం ఫ్యాన్‌కే చెప్పిన. "బిడ్డా, ఇయ్యాల నువ్వు చదువకు. నేను చదువుత" అన్న. సాంబయ్య ఫోన్ పట్టుకొని మొదలుపెట్టిన. "మేక బస్సెక్కింది. ఎక్కంగనే కండక్టర్‌ను ఒక ప్లేటు బిర్యాని అడిగింది."

ఫ్యాన్ ఊగింది. సగం మొహం కనబడ్డది.

"బాపూ, ఆడ బిర్యాని లేదు."

"ఉన్నది బిడ్డా, నాకు కనబడుతున్నది. పక్కన నిమ్మకాయ గూడ ఉన్నది."

ఉరికింది. పుస్తకం గుంజుకొచ్చి, ఏలు పెట్టి చూపిచ్చింది. "ఇగో చూడు. మేక దర్వాజ కాడ నిలబడ్డది. కండక్టర్ టికెట్ అని అడిగిండు. ఏడున్నది నీ బిర్యాని?" గడగడ చదివింది పిల్లలూ. ఏడన్న ఒత్తు జారిందో లేదో నాకు తెల్వది. నేను ఆమె మొహమే చూస్తున్న. సాంబయ్య నవ్వు బయటికి రాకుండ తలకింది మెత్త నోట్ల కుక్కుకున్నడు.

ఇగ అప్పటి సంది గదే పని. ఆమె కొత్త పుస్తకం తెచ్చుడు, నేను తప్పు చదువుడు, ఆమె కోపం చేసుడు. ఎలుకను ఎమ్మార్వో చేసిన. చందమామకు జెరం తెప్పిచ్చిన. "నీకు ఎన్నిసార్లు చెప్పాలె బాపూ" అని తల కొట్టుకుంటది. నాకు పాయసం తాగినట్టుండేది.

కని ఆమె ఏం చేసింది? బడిల చెప్పింది, మా బాపుకు చదువు రాదు, నేనే నేర్పుతున్న అని. ఊరంత పాకింది. మా అవ్వ అడిగింది: "బీడీలు చేసి పదో తరగతి దాక చదివిపిస్తి, గదంత ఎటువాయెరా?" అని. మొన్న సెలవు మీద వచ్చినంక కోరుట్ల బస్టాండ్‌ల మా బిడ్డ నా చేయి పట్టుకొని, "అది జగిత్యాల బస్సు బాపూ, ఎక్కకు, మనది సిరిసిల్ల బస్సు" అన్నది. చుట్టుపక్కలోళ్ళు అయ్యో పాపం అన్నట్టు చూసిన్రు. నేను తల ఊపిన. ఏం చేస్త? నాకు వచ్చు అని చెప్పిన్ననుకో, ఇగ నాతోని ఆమెకు పనేమున్నది? మళ్ళ ఫ్యాన్.

ఏంది బిడ్డా, చేయి లేపినవ్? ఒంటికి పోతవా? కాదా? మరి చెప్పు.

ఏమన్నవ్?

తెలుసా? ఎవలకు తెలుసు? అలేఖ్య అక్కకా?

ఒక్కలొక్కలు చెప్పున్రి, అందరు ఒక్కసారి చెప్తే నాకెట్ల సమజైతది. నువ్వు చెప్పు. "మా బాపు కావాలని తప్పు చదువుతడు" అన్నదా? ఎప్పుడన్నది? బిర్యాని నాడేనా? ఎట్ల తెలిసిందట? ...సాంబయ్య కాక నవ్వుడు ఫోన్‌ల ఇనబడ్డదా. వాని మెత్త పాడుగాను.

ఇంకా ఏమన్నది? ఆగు, మళ్ళ చెప్పు.

"బాపుకు చెప్పకున్రి, తెలిస్తే మళ్ళ మంచిగ చదువుడు షురూ చేస్తడు" అన్నదా.

ఊఁ.

మరి బస్టాండ్‌ల చేయి పట్టుకున్నది... సరే. పట్టుకోనియ్యి. ఎవలకేం నష్టం?

అగో, గంట కొట్టిన్రు. మా బిడ్డ పుస్తకం పట్టుకొని ఇటే అస్తున్నది, మీ ముంగట నాతోని చదివిపిస్తదట. నవ్వు ఆపున్రి. నాకు తెలిసిందని ఆమెకు చెప్పకున్రి. కని మీ బాపులు దుబాయికెళ్ళి, ఖతర్‌కెళ్ళి ఫోన్ చేసి ఒత్తులు, దీర్ఘాలు అడుగుతరు చూడు, వాళ్ళకు గీ కథ చెప్పున్రి. ముందు బిర్యాని కాడికెళ్ళి మొదలుపెట్టున్రి.