టార్పెడో మీద గంజి

ముత్తియాల్‌పేటలో నటరాజన్ కూతురు కవిప్రియకి ఓడ ఇంజనీరు చదువుకి చెన్నైలో సీటొచ్చింది. ఆడపిల్లని సముద్రం మీదికి పంపేది లేదని నటరాజన్ పట్టుబట్టాడు. 2008లో ఒక ఆదివారం సాయంత్రం, ఎనభై రెండేళ్ల అతని మేనమామ విజయరంగన్ తిన్నె మీద చేరబడి మొదలుపెట్టాడు.

"సముద్రం గురించి నీకేం తెలుసురా నటరాజా? యుద్ధంలో, నలభై మూడులో, నాకు పదిహేడేళ్లు. విశాఖపట్నం నుంచి కొలంబోకి బియ్యం మోసే ఓడలో వంటాయన చేతికింద ఉంటిని. ఒక పొద్దున గంజి పారబొయ్యను పైకొచ్చినానా, నీళ్లలో ఒక గొట్టం నిలబడుండాది. జపానోడి సబ్‌మెరైన్. ఓడంతటికీ మొదట చూసింది నేనే."

"అయ్యుండొచ్చు మామా."

"అయ్యుండొచ్చు ఏందిరా, విను. టార్పెడో వదిలినాడు. నురగ కక్కుకుంటా నేరుగా నా మీదికే వస్తా ఉండాది. నేనేం చేసినానో తెలుసా? చేతిలో వేడి గంజి ఉండాది గదా, దాని మొహాన కుమ్మరించినా. కళ్లు మండి పక్కకి తిరిగిపాయ."

"టార్పెడోకి కళ్లుంటాయా తాతా?" అంది కవిప్రియ.

"ఆ కాలంలో ఉండేవిలేమ్మా. రెండోది వదిలినాడు. ఇంక గంజి లేదు. దూకినా. గుర్రమెక్కినట్టు దాని మీదెక్కి, మెడ తిప్పి, వచ్చిన దారినే తోలుకుపోయినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సబ్‌మెరైన్ మూత తెరిచి వాళ్ల కెప్టెన్ దండం పెట్టినాడు, పిల్లలు గలవాణ్ణి, దాన్ని మళ్లించుకో సామీ అని. నాకు జాలేసింది. దాన్ని ఒక పక్కన ఆపి, నలభై మందికీ రసం కాచి పోసినా. సబ్‌మెరైన్‌ని మా ఓడకి తాడేసి కట్టి కొలంబో దాకా ఈడ్చుకుపోతిమి. దోవంతా వాళ్లు రసం అడగతానే ఉండిరి."

గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న జయమ్మాళ్, నటరాజన్ తల్లి, తల ఎత్తలేదు.

"అన్నా, నీకు ఈత రాదు గదా. వంటబల్ల కింద దూరి ఏడస్తా ఉంటే ఎవరో కాలు పట్టి ఈడ్చి పడవలో వేసినారని అమ్మతో చెప్తివి. నేను పక్కనే ఉంటిని."

ఎవరూ నవ్వలేదు. ముసలాయన వీధి వైపు చూశాడు.

"ఓడ మునిగింది నిజం," అన్నాడు మెల్లగా. "పడవలో తొమ్మిది రోజులు. పదకొండు మందిమి."

"తరువాత?" అడిగాడు నటరాజన్.

"రెండు నెలలకి ఇంకో ఓడెక్కినా."

"భయం లేదా మామా?"

"లేకేం, కింద నీళ్ల వైపు చూడకుండా నిచ్చెన ఎక్కినా. ఆ ఏడు తిండి లేక జనం చస్తా ఉండిరి, ఎవరో ఒకరు బియ్యం మొయ్యాల గదా. ఇరవై రెండేళ్లు చేసినా. మళ్లీ టార్పెడో కనపడలా. నీళ్లలోనుంచి పొద్దు పుట్టేది మాత్రం రోజూ చూసినా."

నటరాజన్ తల్లి వైపు చూశాడు.

"ఇది నిజం," అంది జయమ్మాళ్. "మద్రాసు రేవు దాకా పోయి మేమే సాగనంపితిమి."

నటరాజన్ తన కూతురి వైపు తిరిగాడు.

"కాలేజీ ఎప్పుడు తెరస్తారమ్మా?"