పక్క గుమ్మం బేరం

మళ్ళీ అదే మాటంటారేంటండీ రమణగారూ, తీసేశాను తీసేశాను అని! తీసేస్తే మరి ఇదేంటి? మీ ఆఫీసులో, మీ కంప్యూటర్లో, మీ చేత్తోనే కొట్టారు కదా ఇప్పుడు, శ్రీలలిత బందరు అని. కొట్టీ కొట్టగానే పైనే ఉంది. రెండు హారాలు, పక్కన చీటీ, చీటీ మీద ఆవిడ పేరు.

కూచోమంటారా? సరే, కూచున్నాను. మంచినీళ్ళు వద్దండీ. బందరు నుంచి గుడివాడ దాకా బస్సులో నిలబడే వచ్చాను, అయినా కాళ్ళ నొప్పి తెలియట్లేదు. నాలుగు రోజుల్నుంచి ఏదీ తెలియట్లేదు. పొద్దున మజ్జిగనుకుని అన్నంలో గంజి పోసుకున్నాను. తినేశాను కూడా.

మా సైట్లోంచి ఆ పేజీ పోయింది, కానీ గూగుల్లో పాత బొమ్మ ఉండిపోయింది, అది పోవడానికి టైం పడుతుంది. అంతే కదా మీరు చెప్పేది? ఎంత టైం? వారాలా? వారాలు లేవండీ బాబూ అక్కడ.

మిగతా చోట్ల సంగతేంటి? మన పేజీకి బలం రావాలని ఇంకో పాతిక సైట్లలో అతికించానని మీరే అన్నారు, సినిమా పోస్టర్లు అంటించినట్టు. అవన్నీ పీకండి మరి. ఏంటీ? ఎక్కడెక్కడ అంటించారో మీకే గుర్తు లేదా? భలేవారండీ.

తిట్టడానికి రాలేదు. మీరు పని బానే చేశారు. నిరుడు మా కొట్టుకొచ్చి ఏమన్నారు? "అమ్మాజీగారూ, హైదరాబాదులో ఎవరన్నా చిలకలపూడి నగలని కొడితే ముందు మీ కొట్టే రావాలండీ" అన్నారు. వచ్చింది. చేసి చూపించారు. మా ఆయన వద్దన్నారు, నేనే సరే అన్నాను. ఏం చెయ్యను? ఎక్కడెక్కడి సరుకో బజార్లో గుట్టలు పోసి అమ్ముతున్నారు. మా బల్లల దగ్గర పనివాళ్ళు పొద్దస్తమానం గోళ్ళు గిల్లుకుంటూ కూచుంటున్నారు.

మా కొట్టుకి పక్క గుమ్మం ఒకటుంది, చూశారా మీరు? సందులోకి ఉంటుంది. మీరెందుకు చూస్తారు, ముందు నుంచే వచ్చారు. ముందు గుమ్మం నుంచి వచ్చేవాళ్ళు దుద్దులూ గాజులూ కొనుక్కుంటారు, నలుగురికీ చూపించుకుంటారు. పక్క గుమ్మం నుంచి వచ్చేవాళ్ళు వేరు. అసలు బంగారం కొంగులో పట్టుకొస్తారు. అచ్చం అలాంటిదే గిల్టులో చేసివ్వండి అంటారు. ఎందుకని మేం అడగం. అసలుది ఏమైపోతుందో కూడా అడగం.

మా మావగారి కాలం నుంచీ అదే పద్ధతి. కొన్నవాళ్ళ పేరు కొట్టు దాటకూడదు. పెళ్ళిళ్ళలో కనబడతారు కదా వాళ్ళు, మేం చేసిన హారమే వేసుకుని? మొహం చూసే పలకరిస్తాను కానీ మెడ వైపు చూపు దించను. మా అత్తగారు నేర్పారు అది, కాపరానికొచ్చిన మొదటి నెలలోనే.

ఆ ఫొటోలు కొట్లో పని కోసం తీసుకున్నవండీ. నగ తయారయ్యాక అసలుదీ మాదీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, పెద్దది చేసి చూసుకుంటాం, తేడా ఉంటే సరిదిద్దడానికి. నగలు మారిపోకుండా అసలుదానికి చీటీ కట్టే ఉంచుతాం, దారంతో, పేరు రాసి. ఆ చీటీ మా కళ్ళకి ఆనదు. అలవాటైపోయి కనబడదండీ, నిజంగా. మీరు ఫొటోలు కావాలన్నారు, మేం సీడీ ఇచ్చేశాం.

మీరేమో చీటీ చదివారు. చదివి దాన్నే పేజీకి పేరు పెట్టారు. శ్రీలలితగారి చంద్రహారం! కింద ఇంకో ముక్క. "ఎడమది అసలు, కుడిది మాది. తేడా చెప్పగలరా?" ఎవరి దగ్గరా లేని పేరుంటే గూగుల్ ముందుకు తోస్తుందన్నారు. తోసింది మరి.

అసలు ఆవిడ ఎవరో మీకు చెప్పనే లేదు కదూ. లలితగారు బందర్లోనే బళ్ళో క్లర్కు. భర్త కామేశ్వరరావుగారు, బ్యాంకు నుంచి రిటైరయ్యారు. ఆయనకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు బెజవాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఎంతవుతుందో నన్నడక్కండి. మొదట్లోనే ఆయన చెప్పేశారంట. "లలితా, నా కోసం నీ మెడలోంచి పూస కదిలినా సరే, ఆ రోజునుంచి ఆస్పత్రి గడప తొక్కను" అని. మొండి మనిషి. ఒట్టేయించుకున్నారు కూడా.

ఒట్టేసింది. వేసి, పక్క గుమ్మంలోంచి వచ్చింది. ముందు గాజులు, తర్వాత నెక్లెసు, ఆఖర్న వాళ్ళమ్మ పెట్టిన చంద్రహారం. అన్నీ మా కొట్లోనే అచ్చు దించాం. బళ్ళో మెడికల్ బిల్లులు ఇస్తున్నారని ఆయనకి చెప్పింది. మా ఆయన ఆ హారానికి పూత రెండోసారి కూడా వేశారు, అడక్కుండానే. మనిషి బతకాలి కదండీ.

ఆయన ఇంట్లో కూచుని కంప్యూటర్లో పేర్లు కొడుతుంటారంట. పాత స్నేహితులు, బ్యాంకులో పనిచేసినవాళ్ళు, ఎక్కడున్నారో అని. ఏం తోచిందో, పోయిన వారం ఆవిడ పేరు కొట్టారు.

గొడవేం చెయ్యలేదంట. కంప్యూటరు ఆపేసి పడుకున్నారంట. మర్నాడు బెజవాడ కారొస్తే ఎక్కలేదు. ఆ తర్వాత వంతుకీ ఎక్కలేదు. కాళ్ళు వాచిపోయాయి, పడుకుంటే ఊపిరందట్లేదు. ఈవిడేం చేసిందంటే, "అది ఇంకెవరో శ్రీలలితండీ, మన హారంలాంటిది చాలామందికి ఉంటుంది, వాళ్ళే తప్పు తెలుసుకుని తీసేస్తారు చూడండి" అని చెప్పింది. "సరే, తీసేస్తే అప్పుడు చూద్దాం" అన్నారంట. అందుకే వచ్చానండీ. ఆయన మళ్ళీ కొట్టేసరికి అది ఉండకూడదు. రేపు మళ్ళీ కారొస్తుంది. ఆయన ఎక్కాలి.

ఆ పేరుతో వేరే పేజీలు పెడతారా? అంటే? శ్రీలలిత సంగీతం క్లాసులు, శ్రీలలిత పచ్చళ్ళు, అలా పది పెడితే ఇది కిందకి జారుతుందా? పెట్టండి. పది కాకపోతే వంద పెట్టండి. నేనిక్కడే కూచుంటాను.

ఉండండి, ఫోను. ఆవిడే.

ఆఁ, చెప్పండి లలితగారూ. గుడివాడలోనే ఉన్నాను... ఊఁ... ఊఁ... ఎప్పుడన్నారు?... అలాగన్నారా... ఎన్ని వేలు?... ఊఁ... అదేంటి, ఆయనే చేశారా?... తియ్యక్కర్లేదా?... ఊఁ. మీరేమన్నా తిన్నారా?... సరే. సరే, ఉంటాను.

కొట్టకండి రమణగారూ. ఆపండి ఆ పచ్చళ్ళు.

ఆయనకి తెలుసంట. మొదటి గాజుల దగ్గర్నుంచీ తెలుసంట. తెలియదా మరి? బ్యాంకులో ఆయన చేసింది నగల తాకట్టు సెక్షన్లోనే. రోజంతా బంగారం చూసిన కళ్ళండీ అవి. మా పనితనం ఊరందరినీ మోసం చేస్తుంది కానీ ఆయన్నెలా చేస్తుంది? మాకది తట్టనే లేదు, చూడండి. ఆవిడకీ తట్టలేదు.

ఇందాక ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని చెప్పారంట. "నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. బతకాలని నాకూ ఉంది లలితా. మనిద్దరి మధ్యే ఉంది కదా అని కళ్ళు మూసుకుని సూది పొడిపించుకున్నాను. ఇప్పుడు పన్నెండు వేలమంది చూశారు. పెళ్ళాం మెడ బోసి చేసుకుని బతుకుతున్నానని అంతమందికి తెలిశాక ఇంక నావల్ల కాదు" అన్నారంట. ఏడవనైనా ఏడవలేదంట. ఈవిడా ఏడవట్లేదు ఫోనులో. పాలవాడితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

ఎవరండీ ఈ పన్నెండు వేలమందీ? మా కొట్టుకి వచ్చిన ఫోన్లు చూస్తే వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. ఎక్కడుంది ఆ లెక్క? ఆ పేజీ తీసేశారు కదా, మా సైట్లో మిగతా పేజీల్లో కూడా ఉంటుందా? చూపించండి. ఆఁ, అడుగున, ఈ నల్ల డబ్బాలో తిరిగే అంకెలా? వచ్చినవాళ్ళ లెక్కంటారా ఇది?

ఏంటీ? మళ్ళీ చెప్పండి.

పన్నెండు వేల దగ్గర మీరే మొదలెట్టారా.

సున్నా నుంచి మొదలెడితే ఈగలు తోలుకునే కొట్టులా ఉంటుందనా. అందరూ అలాగే పెడతారా. ఓహో. మాకు చెప్పలేదేంటి? చెప్పేంత విషయం కాదనుకున్నారా. అవున్లెండి, సాయంత్రానికి బోణీ అయినా మేమూ ఎవరికీ చెప్పం.

అయితే ఆ పైనున్న ఈ వంద చిల్లరా? అది నిజమైన మనుషులేనా? తెరిచిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుందా, ఒక్క మనిషే చూసినా? అయితే ఇందులో మీరే ఎక్కువుంటారు. మా ఆయన ఒకళ్ళు. వద్దు వద్దన్న మనిషి, నెట్ సెంటరుకెళ్ళి కనబడ్డవాళ్ళందరికీ మా కొట్టు చూడండని చూపించారు. నేనూ చూశాను. ఇంకెవరు? కామేశ్వరరావుగారు చూశారు కదా. ఒక్కసారే చూసి ఉంటారా? ఆయన చూసినప్పుడల్లా కూడా పెరిగే ఉంటుంది.

ఎవరూ చూళ్ళేదన్నమాట. ఆవిడ హారం సంగతి ఎవరికీ తెలియనే తెలియదు. మనకీ, ఆయనకీ తప్ప.

రమణగారూ, మీరు నాతో బందరు రండి. ఇప్పుడే, ఉన్నపళంగా. వచ్చి ఆ ఒక్క ముక్క చెప్పండి. "అయ్యా, ఆ అంకె నేను పెట్టింది, ఉత్తది, ఎవరూ చూళ్ళేదు" అని చెప్పండి చాలు. తిట్టరు. తిట్టే ఓపిక ఆయన దగ్గర లేదు.

పనుందా. ఎవరో పార్టీ వస్తున్నారా.

నేను చెబితే ఏం లాభమండీ? గిల్టు నగలమ్మేదాని నోటి మాట. నన్ను చూడగానే ఏమనుకుంటారు, నా భార్యతో కలిసి ఇన్నాళ్ళూ నాటకమాడిన మనిషి, ఇప్పుడు ఇంకో నాటకం పట్టుకొచ్చిందనుకుంటారు. ఆవిడ చెబితే అసలు నమ్మరు. మీరైతే కంప్యూటరాయన. మీరు చెబితే... మొహమాటంగా ఉందా. ముక్కూ మొహం తెలియని ఇంట్లోకి ఎలా వస్తానంటారా. ఆవిడ పేరు మీకు తెలుసు కదండీ, అక్షరం తప్పు లేకుండా కొట్టారు.

సరే. బలవంతం లేదు.

పోనీ ఆ అంకె సున్నా చెయ్యండి. చేశారా? సున్నా అన్నారు, ఒకటని చూపిస్తోందేంటి? మనం తెరిచినందుకా. సరే, ఉండనివ్వండి.

లేస్తానండీ, బస్సు టైమవుతోంది. మీతో ఒక ముక్క చెప్పలేదు. మీరొస్తానంటే దార్లో చెబుదామనుకున్నాను. రేపటి నుంచి డయాలసిస్‌కి తన వంతు మంచం ఇంక వద్దని ఆస్పత్రికి ఆయనే ఫోన్ చేసి చెప్పేశారంట. వాళ్ళు అప్పటికప్పుడే నాగాయలంక నుంచి వచ్చే ఇంకో మనిషికి ఇచ్చేశారంట. ఏడాదిగా ఎక్కడో దూరం తిరుగుతూ ఇక్కడ వంతు కోసం ఎదురుచూస్తున్నాడంట పాపం అతను.

పోన్లెండి, ఎవరికో ఒకరికి అక్కరకొచ్చింది.