అన్నయ్య బదులు నిద్ర

నిద్ర పరీక్షలు చేసే గది. రాత్రి తొమ్మిది. మంచం మీద కూర్చున్నతని తలకి టెక్నీషియన్ తీగలు అంటిస్తోంది.

"కానీ డిపో కాగితం మీద ఈ ఫోటోలో మీసం ఉందే."

"తీసేశానండి."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. తీగలకి అడ్డొస్తుందేమోనని."

"తీగలు తలకి అంటిస్తామండీ, మీసానికి కాదు. సరే, తల తిప్పకండి. బస్సు నడిపేది మీరే కదా?"

"నేనేనండి. బస్సే. పెద్దది."

"ఎన్నేళ్ళ నుంచి?"

"పన్నెండు. పద్నాలుగేమో. మధ్యలో వేసుకోండి."

"డ్యూటీలో కునుకు తీస్తున్నారని డిపో వాళ్ళు పంపారు. నిజమేనా?"

"ఒక్కసారేనండి. అదీ బస్సు ఆగి ఉన్నప్పుడు, సిగ్నల్ దగ్గర. వెనకాల హారన్ కొట్టగానే లేచాడు. అంటే, లేచాను."

"ఈ పరీక్షలో తేడా వస్తే మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోనివ్వరు, తెలుసుగా."

"తెలుసండి. రిపోర్టు వచ్చేదాకా బస్సు ఇచ్చేది లేదన్నారు. అందుకేగా నేనొచ్చింది. నన్ను పంపింది. వాళ్ళు."

"నిద్రమాత్రలేమైనా వేసుకున్నారా?"

"నేనా? ఛ."

"ఏ మందైనా సరే చెప్పాలి. ఇక్కడ రాసుకోవాలి."

"రాసుకోండి. లేదని రాసుకోండి. మేడమ్, ఈ పరుపు ఎక్కడ కొన్నారు?"

"నేను కొనలేదు, ఆసుపత్రి వాళ్ళు కొన్నారు. ఎందుకు?"

"కింద కొబ్బరిపీచు, పైన రెండంగుళాల స్పాంజి. అంచు కుట్టు చూడండి, బద్ధకంగా కుట్టాడు. ఆరు నెలల్లో మధ్యలో గుంట పడుతుంది. గుంట పడితే ఇక నడుము సంగతి చెప్పక్కర్లేదు."

"బస్సు డ్రైవరుకి పరుపుల సంగతి ఇంత తెలుసా?"

"ప్రయాణికులు చెప్తుంటారండి."

"నవ్వకండి, ముక్కు దగ్గర గొట్టం కదులుతోంది."

"నవ్వట్లేదు మేడమ్, నోరు దానంతటదే సాగుతోంది. మీకు రెండు చేతులేనా?"

"ఎన్ని కనపడుతున్నాయి?"

"మూడు. మూడోదే బాగా పనిచేస్తోంది."

"ఇటు చూడండి. నా మొహం చూసి చెప్పండి. ఎన్ని వేసుకున్నారు?"

"ఏంటి?"

"మాత్రలు."

"ఒకటి."

"ఒకటేనా?"

"ఒకటి. దాని తర్వాత ఇంకోటి."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదక్కా. అక్కా అనొచ్చా? అన్నయ్యవి. డాక్టరు రాసిచ్చాడు. పొద్దున్నే బస్సు తీసేవాడికి నిద్రమాత్రలేంటని అన్నయ్య ముట్టుకోలేదు. అలమరలో అలాగే పడున్నాయి, పాపం, చక్కగా."

"బస్సు తీసేది మీ అన్నయ్యా?"

"ఊ."

"మరి మీరు?"

"నేను పరుపులు కుడతా. అయ్యో."

"అంటే బయట బెంచీ మీద కూర్చున్నాయన, మీ తమ్ముడని చెప్పారే, ఆ ఆవలింతలాయన..."

"ఆయనే అన్నయ్య. తమ్ముడ్ని నేను. ఇంట్లో నన్ను బస్తా అంటారు. ఎక్కడ దింపితే అక్కడే నిద్ర. అక్కా, అన్నయ్యని ఏమీ అనకండి. వద్దురా వద్దురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఈ ఐడియా నాదే, మీసం తీసింది కూడా నేనే."

"చదువుకున్నట్టే ఉన్నారు, ఇదేం తెలివి?"

"మంచి తెలివే. అన్నయ్యకి రెండేళ్ళుగా నిద్ర లేదు. ఆయన వచ్చి పడుకుంటే ఏమొస్తుంది రిపోర్టు? గుండుసున్నా. నేనైతే మా వంశంలోనే నిద్రకి పెట్టింది పేరు. మా ఓనరు కొత్త పరుపు వేసి, కొట్టు ముందర నన్నే పడుకోబెడతాడు. నన్ను చూసి ఒక్క వారంలో మూడు పరుపులు కొన్నారు. పగలు పదకొండింటికి కూడా పడుకోగలను. చేతిలో సూది ఉండగానే పడుకుంటా. ఒకసారి ఒకావిడ ఇంట్లో మంచం కొలతలు తీసుకుంటూ టేపు పట్టుకునే పడుకున్నా, ఆవిడ మర్యాదస్తురాలు, లేచేదాకా ఆగింది."

"అంత నిద్రపోయేవాళ్ళకి మాత్రలెందుకు?"

"భయమేసిందక్కా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నిద్ర పట్టదేమోనని. అన్నయ్య ఉద్యోగం నా కనురెప్పల మీద ఉంది మరి. తీగలు పీకేస్తారా?"

"పీకెయ్యాలి నిజానికి. కానీ రెండు మింగి ఊగిపోతున్న మనిషిని బయటికెలా పంపను? డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి చెప్తాను. మీరిక్కడే పడుకోండి, తీగలు ఉండనివ్వండి, మీ మీద ఒక కన్నేసి ఉంచుతా. మీ అన్నయ్య కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం రాయను."

"మీరు దేవతక్కా."

"పడుకోండి. నేను పక్క గదిలోంచి స్పీకర్లో మాట్లాడతా, చెప్పినట్టు చెయ్యండి. వినపడుతోందా?"

"దేవుడు మాట్లాడినట్టే ఉంది."

"కళ్ళు కుడివైపు తిప్పండి. ఎడమవైపు. అటు కాదు, ఎడమ."

"అదే ఎడమ. ఈ గదిలో ఎడమలు రెండున్నాయి."

"కాలి బొటనవేలు ఆడించండి. చాలు, కాలంతా ఎత్తక్కర్లేదు. ఇప్పుడొకసారి గురక పెట్టినట్టు చప్పుడు చెయ్యండి."

"గురకా? నాకు రాదక్కా."

"ఊరికే, అనుకరించండి."

"ఎప్పుడైనా వింటేగా అనుకరించడానికి. మా ఇంట్లో ఎవరూ గురక పెట్టరు. అన్నయ్య పెట్టడు, వదిన పెట్టదు. నేను మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా..."

"ఒక్క రాత్రి కూడా? చెప్పండి. బస్తాగారూ? అప్పుడేనా?"

తెల్లవారి ఆరు గంటలు. అదే గది.

"లేవండి. జిగురు తుడుస్తున్నా, కదలకండి."

"ఆరయిందా? ఎలా పడుకున్నాను మేడమ్? ఎన్ని మార్కులొచ్చాయి?"

"గంటకి నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగింది."

"ఎవరికి?"

"మీకే."

"నాకా? అన్నిసార్లు ఆగితే మనిషి పోవాలి కదండీ."

"ఆగుతుంది, గొంతు పట్టేస్తుంది, ఉలిక్కిపడి మళ్ళీ తీస్తారు. మధ్యలో అంతా గురకే. కారిడార్ చివర్నించి నర్సు వచ్చి అడిగింది, ఏ మిషను పాడైందని."

"మాత్రల వల్లేమో."

"మాత్రలు కొంత పెంచి ఉంటాయి, అందుకే అడక్కుండా మింగకూడదనేది. కానీ ఇది నిన్న మొదలైంది కాదు. చేతిలో సూది ఉండగా నిద్ర పడుతుందన్నారే, అది గొప్ప కాదు. రాత్రంతా ఒంటికి నిద్రే అందక, పగలు పడిపోవడం."

"నన్ను చూసి మూడు పరుపులు కొన్నారు మేడమ్."

"జబ్బుని చూసి కొన్నారు పాపం. దిగులుపడకండి, వైద్యం ఉంది. డాక్టరు చూసి మీ పేరు మీద మళ్ళీ పరీక్ష చేయిస్తారు. రాత్రిళ్ళు ముక్కుకి చిన్న మాస్కు పెట్టుకుని పడుకోవాల్సి రావచ్చు. ఎవరది? వాచ్‌మనా? రా."

"మేడమ్, వీళ్ళ మనిషి బెంచీ మీద రాత్రి పదింటికి ఒరిగాడు. ఇంతవరకూ లేవలేదు. చప్పుడు లేదు, కదలిక లేదు. నేనే మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా. చంటిపిల్లాడిలా పడుకున్నాడు."

"అన్నయ్యా? అన్నయ్య నిద్రపోయాడా?"

"చెప్పులు తలకింద పెట్టుకుని మరీ."

"ఆ ఇనప బెంచీ మీదా? ఎలా కుదురుతుంది మేడమ్? ఆయనకి నేను మూడు పరుపులు మార్చాను. దూది, పీచు, స్పాంజి. తప్పు పరుపుదే అనుకుని, విప్పి మళ్ళీ కుట్టాను. ఎంత మెత్తగా కుట్టినా పొద్దున్నే ఎర్రటి కళ్ళతో లేచేవాడు. పరుపు బాగుందిరా అనేవాడు."

"ఆయనకి నిద్ర పట్టనిది రెండేళ్ళ నుంచి అన్నారు కదూ?"

"రెండేళ్ళు."

"మీ గదెక్కడ?"

"ఆయన గది పక్కనే. మధ్యలో చెక్క గోడ, పలచనిదే. అమ్మ పోయాక ఒక్కడివీ ఉండకురా అని తీసుకొచ్చేశాడు."

"ఎప్పుడు?"

"రెండేళ్ళ..."

"చెప్పండి."

"మేడమ్, మా వదిన వారం వారం నా చేత కొట్లోంచి దూది తెప్పించుకుంటుంది. చెవిపోటంది. నేను గింజ లేకుండా ఏరి మరీ తెచ్చిస్తున్నా."

"చెవిపోటు అయ్యుండదు."

"ఉద్యోగం పోయే దాకా వచ్చినా చెప్పలేదు మేడమ్, ఇద్దరూ. చెప్తే నేను వేరే గది చూసుకుని పోతానని. పోయేవాణ్ణే. నిన్న ఇక్కడికి బస్సులో వస్తూ కూడా, నీకేం ఇబ్బంది లేదు కదరా అని నన్నడిగాడు, నన్ను. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వస్తున్నాయి."

"రానివ్వండి. పరుపు తప్పు కాదని తేలిందిగా."

"పరుపు బంగారంలాంటి పరుపు మేడమ్."

"ఈ రాత్రి ఈ గది ఖాళీయే. డిపో కాగితం అలాగే ఉంది. ఈసారి ఆయన్నే పంపండి, మీసంతో సహా."

"మేడమ్, ఇంతకీ ఆయన్ని లేపమంటారా, వద్దా? బెంచీ తుడవాలి."

"వద్దు వాచ్‌మన్‌గారూ, మీకు పుణ్యముంటుంది. అన్నయ్య లేచేదాకా నేను పక్కన కాపలా కూర్చుంటా, కన్ను మూస్తే ఒట్టు. గట్టి కుర్చీ ఒకటుంటే ఇప్పించండి, మెత్తది మాత్రం వద్దు."