రేగడిలో కలిపిన ఇసుక

అది పందొమ్మిది వందల అరవై ఎనిమిది, జూలై పదకొండు, గురువారం. పొద్దున ఎండ కాసింది, పది దాటాక సన్నగా తుంపర పట్టింది, మధ్యాహ్నానికి గాలి పూర్తిగా పడిపోయి చొక్కా ఒంటికి అతుక్కుంది. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నేను తర్కశాస్త్రం పరీక్ష పాసయ్యానని ఆ రోజే తెలిసింది. అప్పట్లో తర్కం పాసవడమంటే... సరే, అది వేరే కథ. నువ్వడిగింది ఇసుక గురించి కదూ, దర్జీ?

"అదేనండీ. వాన పడితే మా పెరట్లో నీళ్లు నాలుగు రోజులు కదలవు. నిరుడు మొక్కలన్నీ వేళ్లు కుళ్లి పోయాయి. ఈసారి కూడా పోతే పెరడంతా గచ్చు చేయించేస్తానంటోంది మా ఆవిడ. అందుకే ఇది తెప్పించాను," అంటూ దర్జీ టీ కొట్టు ముందు ఆగిన బండి వైపు చూశాడు. బండి నిండా ఇసుక. "మట్టిలో ఎంత కలపమంటారు?"

తొందరపడకు. ముందు మట్టి సంగతి తెలియాలి. మా మేనమామకి రెండు పొలాలు. మెరక మీద ఇసుక నేల, పల్లంలో నల్లరేగడి. నేను పాసైన కబురు విని ఆయన, "ఒరే అల్లుడూ, ఇంత చదివావు కదా, పల్లం పొలంలో నీళ్లు నిలవకుండా చెయ్యి చూద్దాం. చేశావంటే అది నీకే రాసేస్తా," అన్నాడు. ఈ కొట్టు నడిపే మా మరదలు ఆయన కూతురే. కావాలంటే అడుగు.

మా మరదలు గ్లాసులు కడుగుతోంది.

ముందు పరీక్ష చేశాను. ఇసుకని పిడికిట పట్టి నొక్కి వదిలితే రాలిపోయింది. రేగడిని నొక్కితే నా వేళ్ల గీతలతో సహా ముద్దై కూర్చుంది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. తర్వాత ఇసుక మీద చెంబెడు నీళ్లు పోశాను. ఏమైందో తెలుసా? నీళ్లు దిగిపోయాయి. చెంబు వాటి వెనకే వెళ్లిపోయింది.

"చెంబు కూడానా?" అన్నాడు పక్క బెంచీ మీంచి సైకిల్ షాపాయన.

ఇత్తడిది. మళ్లీ కనబడలేదు. ఆ మెరక మీద మామయ్య వానలో గొడుగు లేకుండా తిరిగేవాడు. చినుకు మనిషిని తాకేలోపే నేల లాగేసేది.

రేగడి దానికి పూర్తిగా ఎదురు. కొత్త చెంబుతో నీళ్లు పోశాను. ఇంకలేదు. భోంచేసి వచ్చాను, అలాగే ఉన్నాయి. మరుసటి ఏడు వాన కురిస్తే, కొత్త నీళ్లు పాత నీళ్ల మీద విడిగా ఇంకో పొరలా నిలిచాయి. పాతవి కాస్త నలిగినట్టుండేవి. ఇక వేసవిలో పగుళ్లు. మామయ్య కుడికాలి చెప్పు ఒక పగుల్లో పడింది. వానలకి నేల ఉబ్బి పగులు మూసుకుంది. పై వేసవికి విచ్చుకుంటే చెప్పు దొరికింది కానీ, లోపల తడి పీల్చి రెండంగుళాలు పెరిగింది. ఎడమకాలికి దానికి తగ్గది కుట్టించాల్సి వచ్చింది.

"కొత్త జత కొనుక్కోవచ్చుగా?" అన్నాడు దర్జీ.

ఆయన సంగతి నీకు తెలీదు. పిల్లికి బిచ్చం పెట్టడు. ఇంతకీ తడి రేగడిలో నడిస్తే అడుగడుక్కీ కాలికింద జానెడు మట్టి చేరుతుంది. నేను పొలం ఆ చివరికి చేరేసరికి పక్క పొలం వాళ్లు కరెంటు స్తంభం పాతారనుకుని తీగ పట్టుకొచ్చారు. కాళ్లు కడుక్కున్నాక మళ్లీ ఇంతే అయ్యాను.

"తీగ ఏం చేశారు?" అన్నాడు సైకిల్ షాపాయన.

చుట్ట చుట్టుకుని వెళ్లిపోయారు, పాపం. అప్పుడు నేను తర్కం బయటికి తీశాను. ఇసుక నీళ్లు ఆపదు. రేగడి నీళ్లు వదలదు. కాబట్టి రెండూ కలిపితే ఆపాల్సినవి ఆపి, వదలాల్సినవి వదులుతుంది. దీన్ని ఎంత పండితుడైనా కాదనలేడు. మెరక నుంచి బళ్లకొద్దీ ఇసుక తోలించి, రేగడిలో కలిపి దున్నించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఏడు అంత వానకీ పొలంలో చుక్క నిలవలేదు. అద్దం మీంచి జారినట్టు జారిపోయాయి నీళ్లు. మామయ్యకి కళ్లు చెమర్చాయి.

"పంట బాగా వచ్చిందాండీ?" దర్జీ అప్పటికే లేచి బండి దగ్గరికి నడుస్తున్నాడు.

పొలమంతా గింజలే గింజలు. కళ్లారా చూశాను.

"అవి మా నాన్న జల్లిన విత్తనాలు బావా," అంది మా మరదలు గ్లాసు తుడుస్తూ. "నేలలోకి దిగలేక పైనే ఉండిపోయాయి. దర్జీ గారూ, ఒక్కసారి కాలితో ఇక్కడ గట్టిగా తన్నండి."

దర్జీ తన్నాడు. వెంటనే కాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇది సిమెంటు అనుకున్నారా? మా బావ కలిపిన పొలమే. గడ్డపార వంగింది తప్ప ఇది కదల్లేదు. చేసేది లేక కొట్టు పెట్టుకున్నాను. మీరూ ఆ ఇసుక కలిపేయండి. మీ ఆవిడకి గచ్చు పని తప్పుతుంది."

"మరి నా మొక్కలు?"

"ఎండుటాకులూ పేడా వేసి, మళ్లు ఎత్తుగా కట్టుకోండి. ఇసుక మాత్రం మా అన్నయ్యకి పంపండి."

దర్జీ అలాగే పంపాడు. మామయ్య పోయాక మెరక పొలం మా బావమరిదికి వచ్చింది. దాని ఇసుక చాలావరకు పల్లంలోనే ఉందని అతను నాతో మాట్లాడడు. ఇన్నేళ్లకి ఒక బండి తిరిగి వెళ్లింది. పల్లం పొలం మా మరదలికి వచ్చింది. ఆ చెప్పుల జత పాలేరుకిచ్చారు, అతను ఎడమది కొత్తదని దాచుకుని కుడిది మాత్రం వాడాడు. నాకేమీ రాలేదు. ఒప్పందమేమో నీళ్లు నిలవకూడదనే. ఇవాళ్టికీ ఇక్కడ నిలవవు. కావాలంటే, దర్జీ, నీ గ్లాసులో మిగిలింది ఒంపి చూడు.