ఉన్ని గోడల మొక్కల గది: శ్రీ డెస్మండ్ ట్రెలోర్ గారి పదవీ విరమణ వేళ

1984 మార్చి ఐదవ తేదీ, సోమవారం ఉదయం, కెస్ట్రెల్ ఫ్లాట్ ఉన్ని రైతుల సహకార సంఘం గిడ్డంగి తలుపులు తెరుచుకునే వేళకు, ఇరవై మూడేళ్ల శ్రీ డెస్మండ్ ట్రెలోర్ గారు ఉన్నికి తరగతులు నిర్ణయించే సహాయకుడిగా విధులలో చేరారు. ఆనాడు బయట మంచు కురుస్తున్నదని వారు నేటికీ చెబుతారు. మాకు వేసవి ముగిసీ ముగియని మార్చిలో మంచేమిటని దిగువ టాస్మేనియావారు ఎవరైనా సందేహిస్తే, నడివేసవిలో, క్రిస్మస్ భోజనానికి మా కొండ మీదికి రావలసిందిగా మనవి. స్వెట్టరు తెచ్చుకోవడం మరువవద్దు.

చేరిన కొద్ది సంవత్సరాలలోనే ఉన్ని విషయమై వారి మాటకు తిరుగులేని స్థితి ఏర్పడింది. ఒక్క పోగును వేళ్ల మధ్య నలిపి, అది ఏ వాలు మీద మేసిన గొర్రెదో, ఆ ఏడు గడ్డి ఎప్పుడు ఎండిందో, గొర్రె యజమాని ఎంతవరకు నిజం చెబుతున్నాడో కూడా వారు చెప్పగలిగేవారు. ఉన్ని ధరలు కుప్పకూలి, చుట్టుపక్కల సంఘాలు ఒకదాని వెంట ఒకటి తాళాలు వేసుకున్న గడ్డుకాలంలో, గిడ్డంగిలో ఒక మూల మేకులు, కంచె తీగలు, మరొక మూల పిండి, పంచదార పెట్టించి, మన సంఘాన్ని ఊరి అంగడిగా మార్చి నిలబెట్టినది వారే. ఆ కృతజ్ఞతతోనే సభ్యులు 2002లో వారిని మేనేజరు పదవిలో కూర్చోబెట్టారు. ఇంట్లో ఐదుగురు మగపిల్లలకు వండి వార్చడమే వృత్తిగా గల నన్ను, వారానికి రెండు పూటలు వచ్చి సంఘం వార్తాపత్రిక చూసుకొమ్మని పిలిచినదీ వారే. కాలేజీలో చదివిన చదువు అంట్లగిన్నెల పాలు కాకూడదన్నారు. పత్రిక పనితోబాటు ఆఫీసు టీ కప్పులు కడిగే బాధ్యత కూడా నాదేనని చేరిన రోజున తెలిసింది.

అయినా వారి నలభై ఏళ్ల సేవలో చిరకాలం నిలిచేది గిడ్డంగి చివరనున్న మొక్కల గది. దాని సంగతి ఉన్నదున్నట్టు రాయమని వారే ఆదేశించారు కనుక, ఎక్కువ తక్కువలు వారి ఖాతాలోనివే.

చలికాలంలో దారి మూసుకుపోయినప్పుడల్లా మా ఊరికి చేరే పాలకూర, లెట్యూస్ ఆకులు తడిసిన వార్తాపత్రికను తలపించేవి. కూరల కోసం గంట ప్రయాణం చేసి పట్నం వెళ్లినవారు మిగతా సరుకులు కూడా అక్కడే కొనుక్కుని వచ్చేవారు. అందుచేత, గిడ్డంగిలో ఖాళీగా ఉన్న చివరి భాగాన్ని గదిగా కట్టి, దీపాల వెలుగులో ఏడాది పొడవునా ఆకుకూరలు పండించవచ్చునని 2016లో ట్రెలోర్ గారు ప్రతిపాదించారు. సాగు చూసుకోవడానికి, నదీలోయలోని స్ట్రాబెర్రీ తోటల నుంచి శ్రీమతి సేలా మాహే గారిని తీసుకువచ్చారు. టోంగా దీవుల ఆడపడుచు. ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చి మన బడిలో చేర్పించారు. సభ్యులు మాత్రం ఒక షరతు పెట్టారు. వసంతకాలపు సమావేశానికి పంట కళ్లబడాలి. లేకుంటే గది ఎరువుల కొట్టు అవుతుంది, సేలా గారి ఉద్యోగం ముగుస్తుంది.

"ఆవిడ నా మాట మీద వచ్చింది. నా మాట మీదే ఉంటుంది" అని ట్రెలోర్ గారు సభలో అన్నారు.

గది దేనితో కట్టాలనేది కూడా వారే నిర్ణయించారు. కూలగొట్టిన పాత ఉన్ని కత్తిరింపుల కొట్టం నుంచి చెక్కలు తెప్పించి నేల పరిపించసాగారు.

"మేనేజరు గారూ, కింద చెక్క వేస్తున్నారేంటి? నేను రోజూ నీళ్లు కొట్టి కడగాలి కదా" అని సేలా గారు అడిగారు.

"ఇది మామూలు చెక్క కాదమ్మా. మా తాత దీని మీదే నుంచుని ఉన్ని కత్తిరించాడు. నూరేళ్లు గొర్రె జిడ్డు తాగిన చెక్క. నీటిబొట్టు నిలిస్తే నన్నడుగు."

"దాని మీద గొర్రెలు నుంచున్నాయి గానీ, బకెట్లతో నీళ్లు పొయ్యలేదుగా."

"నీకు గొర్రెల సంగతి తెలీదు" అన్నారు వారు.

గోడలకు బయట ఇనుప రేకు, లోపల జిప్సం బోర్డు, నడుమ మన ఊరి ఉన్ని. గది వేడి, తేమ ఉన్నిలోకి పోకుండా బోర్డు వెనక ప్లాస్టిక్ షీటు కట్టాలని వడ్రంగి చెప్పి చూశాడు. "గొర్రెకెవడైనా రెయిన్‌కోటు తొడుగుతాడా? ఉన్నికి గాలాడాలి" అని ట్రెలోర్ గారు షీటును తిప్పి పంపించారు. సన్న ఉన్ని గొర్రెలకు మా ఊళ్లో ఏటా కోట్లు తొడుగుతామన్న సంగతి ఆ క్షణాన గుర్తు చేయడానికి ఎవరికీ నోరు రాలేదు. చెక్క నేల, ఉన్ని గోడ, రేకు కప్పు. వారు కట్టించినది నిజానికి గొర్రెల కొట్టమే. గొర్రెలు రావడమొకటే తక్కువ.

జూన్ నడిమికి, చలి ముదిరేసరికి, ఆ లోటు కూడా తీరినట్టే అనిపించింది. దీపాల వెచ్చదనానికి ఆకులు వదిలిన తేమ బోర్డు గుండా ఉన్నిలోకి నడిచి, బయటి చల్లటి రేకును తాకి, మళ్లీ నీరైంది. ఆ నీటిని ఉన్ని తన స్వభావం కొద్దీ మర్యాదగా తాగింది. గోడలకు పొట్టలు వచ్చాయి. నేల చెక్కలు అంచులు పైకెత్తడంతో తోపుడు బండి కదలనన్నది. లెట్యూస్ మీద బూడిదరంగు బూజు పట్టింది. తడిసిన గొర్రె వాసన వీధి మలుపు దాకా వ్యాపించింది. ఎదురుగా మాంసం దుకాణం నడిపే శ్రీ క్లెమ్ హార్‌గ్రేవ్ గారి గొర్రెల కుక్క పిప్ పొద్దున్నే వచ్చి మన గోడ ముందు పొట్ట నేలకానించి పడుకుని, ఆ గోడను మందలోకి తోలడానికి అదను చూస్తూ ఉండేది.

"నా కుక్కకి సంఘంలో ఉద్యోగం దొరికింది" అని క్లెమ్ గారు దుకాణానికి వచ్చినవారందరికీ చెప్పారు. ట్రెలోర్ గారికి మాత్రం చెప్పలేదు. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న ఈ ఇద్దరు మిత్రులు, ఒకానొక కుక్కల పోటీలో ట్రెలోర్ గారు న్యాయనిర్ణేతగా పిప్ తల్లికి రెండవ బహుమతి ఇచ్చిననాటి నుంచి మాటలు మానుకుని ఉన్నారు.

ఒక ఉదయం సేలా గారు బూజు పట్టిన ఆకుల బుట్టను మేనేజరు బల్ల మీద పెట్టారు.

"పిల్లలకి యూనిఫారాలు కొన్నాను. పెద్దదానికి ఒక సైజు పెద్దదే తీసుకున్నాను, రెండేళ్లు వస్తుందని" అని మాత్రం చెప్పి, నేల తుడవడానికి వెళ్లిపోయారు.

ట్రెలోర్ గారు ఆ రోజు టీ తాగలేదు. కప్పులు కడిగేదాన్ని కనుక నాకు తెలుసు.

మా ఊళ్లో తప్పు చేసిన మగవాడు క్షమించమని అడగడు. బీరు కార్టన్ ఒకటి అవతలివాడి గుమ్మంలో పెట్టి నిలబడతాడు. మర్నాడు దుకాణాలు తెరిచే వేళకు, వీధి వీధంతా ఏదో పని కల్పించుకుని చూస్తూ ఉండగా, ట్రెలోర్ గారు కార్టన్ చంకన పెట్టుకుని వీధి దాటారు. క్లెమ్ గారు బయటికి వచ్చి కార్టన్ మీద పేరు చదివారు.

"ఇది నేను తాగే బీరు కాదు."

"తెలుసు."

"ఇంకో నెల పడుతుందనుకున్నా నువ్వు రావడానికి. సరేలే, లోపలికి రా. టోపీ తీసెయ్, తలుపు చిన్నది."

ఆ తలుపు మాంసం నిలవచేసే చల్లగదిది. నాకు ఆనాడు కూరకు మాంసం అత్యవసరం అయినందున, వారి సంభాషణ వినే భాగ్యం కలిగింది.

"ఇదిగో, రెండు పల్చటి రేకులు, మధ్యలో థర్మోకోల్ లాంటి గట్టి నురుగు పలక. తేమ లోపలికి పోదు. నీ గదిలో వేడి లోపల, నాకు బయట. అంతే తేడా. అతుకు అతుకుకీ జిగురు పూస్తే గోడ పని అయిపోయినట్టే" అన్నారు క్లెమ్ గారు.

"మరి నేల?"

"ముందు నురుగు పలకలు పరుచు, పైన కాంక్రీటు పొయ్యి. లేకపోతే కిందనుంచి చలి ఎక్కి మొక్కల వేళ్లు ముడుచుకుంటాయి. ఆ పైన కడిగితే పోయే రంగు. నేల గోడని కలిసే చోట మూల ఉండకూడదు, గుండ్రంగా పైకి తియ్యి. మూల ఉందంటే మురికికి ఇల్లు ఇచ్చినట్టే."

"వాలు ఎటు పెట్టాలి?"

"కాలవ వైపుకి. నీళ్లకి వాలు చూపిస్తే చాలురా, చెప్పినట్టు వింటాయి. నీలాగా కాదు."

ట్రెలోర్ గారు తల ఊపారు. ఆ తల ఊపడం వీధిలో వారం రోజులు చర్చనీయాంశమైంది.

ఒకసారి దెబ్బతిన్నవారు కనుక, ఇక దేనినీ, తమ అభిప్రాయాన్ని సైతం, పరీక్షించకుండా నమ్మరాదని వారు నిశ్చయించుకున్నారు. ఆ సాయంత్రం టోపీ చేతబట్టుకుని మా గుమ్మంలో నిలిచారు.

"మీ ఇంట్లో ఐదుగురు మగపిల్లలు. ఇంతకన్నా తడి గది ఈ జిల్లాలో లేదు" అన్నారు.

ఆ విధంగా మా స్నానాలగది సంఘం ప్రయోగశాల అయింది. జిప్సం బోర్డు, ప్లైవుడ్, మెరిసే రేకు కాగితం, నురుగు పలక, రంగు వేసిన కాంక్రీటు పలకలు రెండు, అన్నీ వరుసగా నిలబెట్టి వెళ్లారు. "స్నానానికి వెళ్తే పరీక్షకి కూర్చున్నట్టుంది" అని మా ఆయన ఫిర్యాదు. జిప్సం బోర్డు టీలో ముంచిన బిస్కెట్టు అయింది. ప్లైవుడ్ పొరలు పుస్తకంలా విచ్చుకున్నాయి. మెరిసే కాగితం ముడతలు పడి, దీపాన్ని ఒక చోట చురుక్కున, మరొక చోట మసకగా విసిరింది. పైగా తుడుపుకర్ర తగిలి చిరిగింది. నురుగు పలక తెల్ల ముఖం మాత్రం మెరవకుండా, వెలుగును అన్ని వైపులకూ సమానంగా పంచుతూ, గుడ్డ పెట్టి తుడిస్తే తొలినాటిలా నిలిచింది. ఇక కాంక్రీటు విషయం. మా రెండోవాడు నున్నటి రంగు పలక మీద జారి, ఇసుక కలిపిన రంగు పలక మీద నిలదొక్కుకున్నాడు. ఆ ఫలితాన్ని ట్రెలోర్ గారు ఎంతో ఆసక్తితో విన్నారు. మోకాలు ఎలా ఉందని తరువాత అడిగారు.

ఇక గది విప్పడం మొదలైంది. మొలకలన్నీ మేనేజరు ఆఫీసులోకి, సాక్షాత్తు మేనేజరు బల్ల మీదికి చేరడంతో, ట్రెలోర్ గారు కిటికీ అంచు మీద కాగితాలు పెట్టుకుని, నిలబడి సంఘం వ్యవహారాలు నడిపారు. పొట్టవచ్చిన గోడలను తామే స్వయంగా కోసి, ఉన్నిని తామే బయటికి లాగారు. ఇంకొకరిని చెయ్యి వేయనివ్వలేదు. కాంక్రీటు పోశాక మాత్రం ఆత్రం ఆగలేదు. సమావేశం దగ్గరపడుతోంది, వెంటనే రంగు వేయిద్దామన్నారు.

"తడి మీద రంగేస్తే పొక్కులొస్తాయి. చిన్న ప్లాస్టిక్ ముక్క నేలకి అంటించి, రేపు తీసి చూడు" అన్నారు క్లెమ్ గారు.

మర్నాడు ప్లాస్టిక్ అడుగున ముత్యాల్లా నీటిచుక్కలు. ఆనాడు తాము తిప్పి పంపించిన ప్లాస్టిక్ షీటుకు ట్రెలోర్ గారు ఇన్నాళ్లకు చెవి ఒగ్గారు. చుక్కలు కనబడని ఉదయం వచ్చేవరకు రోజూ మోకాళ్ల మీద వంగి చూశారు. సేలా గారు కూడా పక్కనే వంగేవారు.

"ఇవాళ?"

"ఇవాళ కూడా తడే అమ్మా."

"ఆగుదాం లెండి. మీ బల్ల మీద మొలకలు బాగానే ఉన్నాయి. మీరే కాస్త వాడిపోయారు."

వసంతకాలపు సమావేశం ఆ గదిలోనే జరిగింది. చలికోట్లతో వచ్చిన సభ్యులు ఒక్కొక్కరే వాటిని విప్పి చేత పట్టుకున్నారు. తెల్లటి గోడల నడుమ, అరల మీద, వేలెడంత లెట్యూస్ వరసలు. కోతకు ఇంకా సమయముందని సేలా గారు దాపరికం లేకుండా చెప్పారు. ఎరువుల కొట్టు ప్రస్తావన రాకముందే క్లెమ్ గారు లేచారు.

"గది ఉండాలి. ఆవిడ కూడా ఉండాలి. ఈ మాట నేనంటున్నానని డెస్ సంతోషపడక్కర్లేదు" అని కూర్చున్నారు. చేతులన్నీ లేచాయి. పిప్ ఒకసారి గోడ వైపు చూసి, అందులో గొర్రెలు లేవని రూఢి చేసుకుని, ఇసుక కలిపిన నేల మీద నిద్రపోయింది.

నేడు ఆ గది ఆకుకూరలు మన ఆసుపత్రికి, బడికి, పబ్బుకు, దారి మూసుకుపోయిన రోజుల్లో ఊరంతటికీ అందుతున్నాయి. ఒక సైజు పెద్దదిగా కొన్న ఆ యూనిఫారం పెద్దమ్మాయికి సరిపోయి, కురచై, చెల్లెలికి వచ్చి, ఆమెకూ కురచైంది. రెండవ గదికి పునాది గుర్తులు పడ్డాయి. రేపటి నుంచి మేనేజరు బల్ల సేలా గారిది. గోడలు, నేల విషయమై సలహా కావలసివస్తే తప్పక వస్తామని ట్రెలోర్ గారు మాట ఇచ్చారు. "రండి, బీరు కార్టన్ అక్కర్లేదు" అని సేలా గారు అన్నారు.

ఇక మిగిలినది ఉన్ని. గోడల్లోంచి లాగి పారేసిన ఆ తడి గుట్టను వారి ధర్మపత్ని శ్రీమతి హెస్టర్ గారు పారవేయనివ్వలేదు. బూజు పట్టినదాన్ని ఏరివేసి, మంచిదాన్ని ఉతికి, కంచె మీద ఆరబెట్టి, ఇన్నేళ్లూ మూటకట్టి దాచారు. ఈ చలికాలం ఊరి ఆడవాళ్లం దాన్ని వడికి, సేలా గారు, వారి అమ్మాయిలు, నేను తలా ఒక భాగం అల్లాం. ఎడమ చెయ్యి కాస్త పొడుగు వచ్చింది. అది నేను అల్లినది. ఈ సభలో ట్రెలోర్ గారికి సమర్పిస్తున్న స్వెట్టరు అదే.

శ్రీ ట్రెలోర్ గారు పూర్ణారోగ్యంతో, శ్రీమతి హెస్టర్ గారి తోడులో, క్లెమ్ గారితో మాటలూ తగవులూ కొనసాగిస్తూ, మరెన్నో చలికాలాలు ఈ వీధిలో ఈ స్వెట్టరు తొడుక్కుని తిరగాలని మా అందరి ఆకాంక్ష. ఆ ఉన్నికి గాలాడాలని వారు ఆనాడు కోరుకున్నారు. ఇకనుంచి రోజూ ఆడుతుంది.