ఓఫురే అని పిలిచింది నేనే

ముందే చెప్తున్నాను మేడం, వరస తప్పితే విసుక్కోకండి. ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో ఈమధ్య నా తలలో చిక్కు పడిపోతోంది. మనుషులు గుర్తే, మాటలు గుర్తే. వరసే జారిపోతోంది. అందుకని అసలు సంగతి మొదటే అనేస్తున్నాను. ఆ పిల్లని బదిలీ చెయ్యకండి. అంతే.

ఏ పిల్లంటారేమిటి! అదిగో, బయట బల్ల మీద మా తమ్ముడి కొడుకు ఎరొమొసెలే పక్కన కూర్చుంది చూడండి. ఖాకీ ప్యాంటు, తెల్ల బనీను, చెవికి ఫోను. చదువైపోయిన పిల్లల్ని సర్కారు ఏడాది సేవకి ఊళ్ళకి పంపుతుంది కదా, అలా మా బడికి మీరు పంపిన కార్పర్ పిల్ల. మా ఓఫురే.

లేదా? మీ దగ్గర ఓఫురే అన్న మనిషే లేదా?

అబ్బా, అదే కదా గోల! కూర్చుంటాను లెండి. కాళ్ళు కాదు, మోటారుసైకిల్ మీద వచ్చి నడుము పట్టేసింది.

ఆ పిల్ల మాకు వచ్చినప్పుడు వానలు. బడి పైకప్పు రేకు ఎగిరిపోయింది. ఇంకో కార్పర్ అయితే పెట్టె సర్దుకుని మీ ఆఫీసు ముందు ఏడుస్తూ కూర్చునేది. ఇది పిల్లల్ని తోలుకొచ్చి మా ఇంటి వసారాలో కూర్చోబెట్టింది. నా మేకని కూడా బయటికి తోలలేదు తెలుసా? మేకకీ లెక్కలు నేర్పింది! ఊరు ఊరంతా మురిసిపోయింది. మాలో ఒక పద్ధతుంది. బయటినుంచి వచ్చినవాళ్ళు మనసుకి పడితే, పెద్దవాళ్ళు కూర్చుని కోలా గింజ విరిచి ఊరి పేరు పెడతారు. ఎవరింట్లో తింటే ఆ ఇంటి ఆడది పేరు పలకాలి. అది తినేది నా ఇంట్లో. నేను ఓఫురే అన్నాను. అంతా చల్లగా ఉంది, బాగుంది అని దానర్థం. ఆరోజు నుంచి దాన్ని ఇంకో పేరుతో పిలిచిన కుక్క కూడా లేదు మా ఊళ్ళో.

హెడ్మాస్టరూ అలాగే పిలిచాడు. అలాగే రాశాడు కూడా. నెలనెలా మీకు పంపే చీటీలో, ఓఫురే చక్కగా పని చేసింది అని. ఆయన తప్పేముంది? ఇంట్లో పిల్లకి ఇంటి పేరు కాక ఇంకేం రాస్తాడు?

ఇప్పుడు మీరేమో మీ పుస్తకంలో దాని పేరు కనెంగ్, ఆ కనెంగ్ అన్న మనిషి బడికి రానేలేదంటున్నారు. అది చేసిన పనంతా ఓఫురే ఖాతాలో పడిందిట, ఆ ఓఫురే మీ పుస్తకంలో పుట్టనే లేదుట! బాగుంది వరస.

ఆ పేరు సరిదిద్దండి, నేను వద్దన్నానా? సరిదిద్దించుకోడానికి వస్తూ వస్తూ అది రెండో కాగితం కూడా తెచ్చింది చూశారా, దానిమీదే నా పోట్లాట. ఎక్కడో ఉత్తరాన లాఫియా ఊరికి బదిలీ. మొగుడక్కడుంటాడు. ఈస్టరు సెలవల్లో వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చింది. బిత్రుస్ అని, మంచి కుర్రాడే. వాడి మీద నాకేం లేదు.

నేను బడికి పోయినదాన్ని కాదు మేడం. నా కొడుకు ఎహిమెన్ చదివి పారేసిన పుస్తకాలు పట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. మీ గోడ మీద అతికించిన కాగితం ఇక్కణ్ణుంచే చదవగలను. పెళ్ళయిన ఆడపిల్ల భర్త ఉన్నచోటికి బదిలీ అడగవచ్చు, అని. ఎవరు రాయించారమ్మా అది? అంత పెద్ద అక్షరాలెందుకు?

ఏం కష్టమా? మాకేం కష్టమని అడుగుతున్నారా?

నవ్వొస్తుంది చెప్తే. బిత్రుస్ వాళ్ళమ్మ.

అవును, ఆవిడే! నేను కళ్ళతో చూడలేదు. చూడక్కర్లేదు. పొద్దస్తమానం ఫోను. పిల్ల తల దువ్వుకుంటుంటే ఫోను, నాకు పప్పు ఏరిపెడుతుంటే ఫోను. సంచెడు ఆచా పంపించింది. అదేం గింజో, ఇసకలా ఉంటుంది, పళ్ళకి దొరకదు. దాన్ని జావ కాచుకుని ఈ పిల్ల కళ్ళు మూసుకుని తాగింది మేడం! నేను పెండలం దంచి, నల్లకూర వండి, చేప ముక్క దాని వైపుకి తోసి పెడతానే, ఏనాడన్నా కళ్ళు మూసుకుందా?

మొన్న పొద్దున్న "అమ్మా" అని కేక వినపడింది. నేను పెరట్లోంచి "వస్తున్నా, వస్తున్నా" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చాను. నన్ను కాదు. ఫోన్లో ఆవిడని.

అలాగే తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాను. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

నాక్కూడా కొడుకున్నాడండీ, కోడలుంది, లేకపోలేదు. లాగోస్‌లో ఉన్నారు, బాగా చూస్తారు. అది కాదు. సాయంత్రం పూట నేను నా తోడబుట్టినవాళ్ళ పేర్లు చెప్పుకుంటాను, ఇసిబోర్, ఒమొన్యే, అజకాయె, ఇలాగ. పోయినవాళ్ళు కొందరు, ఉన్నవాళ్ళు కొందరు. మధ్యలో ఒకటి తప్పిపోతుంది. ఆ పిల్ల పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూనే, తలెత్తకుండా, "ఒమొన్యే తర్వాత ఎబొసెలే కదమ్మా" అంటుంది. జాలి పడదు. గుర్తు చేశానన్న గొప్ప ఉండదు. తెలుసా మేడం, నా వాళ్ళంతా ఇప్పుడు నా తలలో కంటే దాని తలలో ఎక్కువ పదిలంగా ఉన్నారు. అది లాఫియా వెళ్తే వాళ్ళూ వెళ్ళిపోతారు. ఆవిడకెందుకు ఎబొసెలే? ఆవిడేం చేసుకుంటుంది వాడితో?

ఆఁ? ఏమన్నారు?

నేనా? నేనెందుకు సాక్ష్యం?

హెడ్మాస్టరుకి బెనిన్ బదిలీ అయింది నిజమే. ఓహో. పేరు పెట్టినవాళ్ళే రావాలా. ఓఫురే, కనెంగ్, ఇద్దరూ ఒకటే మనిషని పేరు పెట్టినదాన్ని నేను సంతకం చెయ్యాలి. చేస్తే పేరు సర్దుకుంటుంది, వెనకాలే బదిలీ కాగితమూ కదులుతుంది.

చెయ్యకపోతే?

ఏడాది సేవ మళ్ళీ మొదట్నుంచా! ఇక్కడేనా? మా ఊళ్ళోనే, మా బడిలోనే, ఇంకో ఏడాది?

ఉండండి మేడం. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి.

చూడు తల్లీ, నువ్వు నా కూతురి ఈడుదానివి, నువ్వనే అంటాను. నేను మతిమరుపు మనిషినని ఊళ్ళో అందరికీ తెలుసు. ఇప్పుడే నీకూ చెప్పాను, గుమ్మంలో అడుగు పెడుతూనే. "ఏమోనమ్మా, గుర్తు లేదు, ఎవరికి పెట్టానో ఆ పేరు" అన్నాననుకో. ఎవరు తప్పు పడతారు? ఆ పిల్ల కూడా పట్టదు. "పాపం అమ్మ మర్చిపోయింది" అని నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది. సాయంత్రం పేర్లు చెప్తుంది. బిత్రుస్ వాళ్ళమ్మ ఫోను పట్టుకుని అక్కడ కూర్చుంటుంది.

ఎంత సులువో చూడు. జీవితంలో మొట్టమొదటిసారి ఈ మతిమరుపు నాకు పనికొచ్చేలా ఉంది.

అదిగో, నవ్వుతోంది. ఫోన్లో. కిటికీలోంచి కనపడుతోందా? చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది అది, ముందు పన్ను వంకరని. నా దగ్గర నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోదు.

పెట్టుకోదు సుమా. నిజంగా.

కలం ఇలా తే. వేలిముద్ర డబ్బా తీసెయ్ తల్లీ, నాకు రాయొచ్చని చెప్పాను కదా.

ఎక్కడ? ఇక్కడా? ఓఫురే అని మా ఊళ్ళో పిలిచే పిల్లా, కనెంగ్ రూత్ చొల్లోం అని మీ పుస్తకంలో ఉన్న పిల్లా ఒకటే మనిషి. ఒట్టు. పేరు పెట్టింది నేను, నాకు తెలియదూ? ఓఫురే కొట్టేస్తావా? కొట్టెయ్. చిన్న గీత చాలు, నల్లగా పులమకు.

నీకింకో మాట చెప్పనా? ఇంటి దగ్గర బయల్దేరేముందు కనెంగ్, రూత్, చొల్లోం, ఆ మూడు పేర్లూ అరచేతిలో రాసుకొచ్చాను, మర్చిపోతానేమోనని. చెమటకి చెరిగిపోయాయి. అయినా చూడు, ఒక్కటి తప్పలేదు. మర్చిపోవాల్సిన రోజున మర్చిపోలేని బుర్ర, దీన్ని ఏం చేసుకోను?

ఒరేయ్ ఎరొమొసెలే, ఇలా లోపలికి రా. ఈ పేర్లు నేను వరసగానే రాశానా, ముందూ వెనకా అయ్యాయా, ఓసారి చూడరా నాయనా. నువ్వే చూడు. దాన్ని పిలవకు.

వాళ్ళమ్మతో మాట్లాడుకుంటోంది, మాట్లాడుకోనీ.